పైపూత క్రింది పుచ్చు

ధ్యానాంశము: లేవీయకాండము 14:33–48



మన తల్లులు సంతలో కుండ కొనునప్పుడు దాని రంగు చూచి తృప్తిపడరు. ఎడమచేత కుండను ఎత్తి పట్టి, కుడిచేతి వ్రేలి కణుపుతో తట్టి చూతురు. ఖంగుమని మ్రోగిన యెడల కొందురు. బొంగురుగా పలికిన యెడల ఎక్కడనో బీట యున్నదని క్రింద పెట్టుదురు. కంటికి కనబడని బీటను చెవి కనిపెట్టును. ఈ నెల మనము ధ్యానింపగోరు సంగతి ఇదియే.

మన సంఘములో పెరిగి, ఇప్పుడు అమెరికా దేశములో మిన్నెసోటా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్న ఒక యౌవనస్థుడు ఇటీవల మాకు ఫోను చేసెను. ఆ రాష్ట్రము సరస్సులకు పేరు పొందినది. 1922లో రాల్ఫ్ సామ్యూల్సన్ అను యువకుడు అక్కడి లేక్ సిటీ పట్టణమున, పెపిన్ సరస్సు మీద, రెండు పొడవైన పలకలు పాదములకు తగిలించుకొని, మరపడవకు కట్టిన త్రాడు పట్టుకొని నీటిపై జారుచు పోయెను. ఈ ఆట అక్కడ అట్లు ఆరంభమైనది. ఆ త్రాడును లాగు వేగపు పడవను స్కీ బోటు అందురు.

“అయ్యగారూ, 1986లో కట్టిన స్కీ బోటు ఒకటి అమ్మకానికి వచ్చిందండి. అద్దంలా మెరుస్తోంది. ఆ రోజే కొనేద్దామని డబ్బు కూడా తీసుకెళ్లాను,” అని అతడు చెప్పెను. అయితే వెళ్లునప్పుడు అతడు ఒక మంచి పని చేసెను. తాను ఆరాధనకు పోవు సంఘములో పడవలు బాగుచేసి జీవించిన వృద్ధుడొకడు ఉండగా, అతనిని వెంటబెట్టుకొని పోయెను.

ఆ వృద్ధుడు చెప్పిన సంగతులు మీరును వినవలెను. ఆ కాలపు స్కీ బోట్లలో అనేకము పైకి మాత్రమే ఫైబర్ గ్లాసు. లోపల బలమిచ్చునది కర్రయే. అడుగున ముందునుండి వెనుకకు దూలములు సాగియుండును. ఇంజను బిగించబడునది ఆ దూలములకే. వాటిమీద ప్లైవుడ్డు నేల పరచి, దానిమీద ఫైబర్ గ్లాసు పూయుదురు. నేల క్రింది ఖాళీలో పడవ మునుగకుండ నురుగువంటి పదార్థమును నింపుదురు. ఈ కట్టడములో ఏదియు బయటికి కనబడదు. కనబడునది పైపూత మాత్రమే.

మరి నీరు లోపలికి ఎట్లు పోవును? పెద్ద పగులు అక్కరలేదు. కుర్చీలు బిగించుటకును, త్రాడు కట్టు స్తంభమును నిలుపుటకును నేలలోనికి మరమేకులు దించుదురు. ఆ బెజ్జములలో జిగురుమందు సరిగా పూయని యెడల ఒక్కొక్క వానచుక్క వాటి గుండ దిగును. దిగిన నీరు మరల పైకి రాదు. బయటి నీటిని ఆపవలెనని పూసిన పూతయే లోపలి నీటిని బంధించును. ఆ నురుగు పదార్థము దూదివలె తడిని పట్టి యుంచును.

తడి కర్రను తినునది చెదపురుగు కాదు. అది పుట్టగొడుగు జాతికి చెందిన శిలీంధ్రము. నూటికి 20 పాళ్లకు తక్కువ తేమగల కర్రలో అది పెరుగదు. పూర్తిగా నీట మునిగియున్న కర్రలోను గాలి చాలక పెరుగజాలదు. అటు పొడియు కాక, ఇటు మునిగియు ఉండక, గాలి తగలని చీకటిలో చెమ్మగా నున్న కర్రయే దానికి ఇష్టమైన నివాసము. ఉప్పునీటికంటె వాననీటియందే అది బాగుగా వర్ధిల్లును. అందుచేతనే పూర్వము కొన్ని దేశములలో ఓడలు కట్టువారు పక్కదూలముల సందులలో ఉప్పు నింపెడివారు.

ఆ వృద్ధుడు మెరుగును చూడలేదు. సుత్తి పిడితో నేలను జానెడు జానెడుగా తట్టుచు పోయెను. ముందుభాగమున గట్టిగా మ్రోగినది. స్తంభము దగ్గరకు వచ్చునప్పటికి ధ్వని బొంగురుపోయినది. అక్కడ మడమతో నొక్కగా నేల మెత్తగా దిగినది. అప్పుడు యజమాని సెలవు అడిగి కుర్చీ క్రింది మరమేకు నొకదానిని విప్పెను. విప్పుటకు బలమే పట్టలేదు. తుప్పుతోను, నల్లని తడి పొట్టుతోను అది చేతికి వచ్చెను. ఇంజను బిగించిన మేకును తిప్పి చూడగా తిరుగుచునే యున్నది గాని బిగియలేదు, ఏలయనగా దానిని పట్టుకొనుటకు లోపల కర్ర లేదు. చివరకు సన్నని బెజ్జము తొలిచి చూచిరి. మంచి కర్రనుండి తెల్లని పొడి రజను రావలెను. దీనినుండి గోధుమరంగు బురద వచ్చి, వెనుకనే నీటిచుక్క కారెను.

ప్రియులారా, ఆ యజమాని అబద్ధికుడు కాడు. ఏటేటా పడవను కడిగి, మెరుగుపెట్టి, శీతాకాలమంతయు గుడ్డ కప్పి కాపాడినవాడు. ఆ వేసవిలోనే అదే పడవ మీద మనుమలను త్రిప్పెనట. గంటకు 30 మైళ్ల వేగముతో పోవు పడవలో ఇంజను పట్టు వదలిన యెడల ఏమగునో తలంచుడి. అతడు చాలసేపు మాటలాడక నిలుచుండి, “నాకు తెలియదు, నిజముగా నాకు తెలియదు,” అనెనట. మన యౌవనస్థుడు ఈ మాట చెప్పునప్పుడు వాని గొంతు మారెను. మాకును ఆ మాట ఆ రాత్రి నిద్ర పట్టనియ్యలేదు.

ఇదే సంగతి ఓడల చరిత్రయందును కలదు. ఇంగ్లాండు దేశపు రాయల్ జార్జి అను 100 ఫిరంగుల యుద్ధనౌక 1756లో నీట దిగినది. 1782 ఆగష్టు 29న పోర్ట్స్‌మత్ రేవు ఎదుట, తుపాను లేక, శత్రువు లేక, నిశ్చలమైన నీటిలో లంగరు వేసియుండగా, చిన్న మరమ్మతు నిమిత్తము దానిని ఒక ప్రక్కకు ఒరిగించిరి. ఓడ మునిగెను. నావికులును, వారిని చూడవచ్చిన స్త్రీలును పిల్లలును కలిసి 800 మందికి పైగా నశించిరి. కీర్తనకారుడైన విలియం కూపరు ఆ దుఃఖమును గూర్చి పద్యము వ్రాసెను. ఫిరంగుల కిటికీలలోనుండి నీరు వచ్చుటయే కారణమని తరువాతివారు కొందరు చెప్పుదురు. గాని విచారణ చేసిన న్యాయసభ ఓడ దూలములు పుచ్చియుండుటచేత కట్టడములో ముఖ్యభాగము విరిగినదని తీర్మానించెను.

ఇప్పుడు మన ధ్యానభాగమునకు వత్తము. ఇంటి గోడలో పొడ కనబడినప్పుడు ఏమి చేయవలెనో దేవుడు మోషే అహరోనులకు బోధించెను. అక్కడ మొదటి అడుగు ఎవరిది? యాజకునిది కాదు. ఇంటి యజమానుడే వెళ్లి, నా యింటిలో ఏదో కనబడుచున్నదని తెలియజేయవలెను. తరువాత ఇల్లు ఖాళీ చేయవలెను. యాజకుడు వచ్చి చూచును. ఏడు దినములు మూసియుంచి మరల చూచును. పొడ వ్యాపించినచో ఆ రాళ్లు ఊడదీసి ఊరి వెలుపల పారవేసి, గోడలు గీకి, వేరు రాళ్లు పెట్టి, కొత్త అడుసు పూయవలెను. అటుపిమ్మటను తిరిగి వచ్చిన యెడల ఇల్లు పడగొట్టవలెను. రానియెడల ఆ ఇల్లు పవిత్రమని చెప్పబడును.

ఈ వరుసను గమనించుడి. చూచుట మొదట, ఊడదీయుట తరువాత, పూత చిట్టచివర. మనమో పూతతోనే మొదలుపెట్టుదుము! పడవ సంగతియు ఇట్టిదే. తడి కర్రమీద కొత్త పూత వేసిన యెడల అది అంటదు, అంటినను లోపలి కుళ్లును దాచును. ఆరబెట్టినంత మాత్రమున పోయిన బలము తిరిగి రాదు. పుచ్చిన భాగమునకు ఆవలనున్న మంచి కర్ర తగులువరకు కోసివేసి, మిగిలినది ఆరనిచ్చి, కొత్త కర్ర అతికి, ప్రతి బెజ్జమును జిగురుమందుతో మూసి, అప్పుడు పూయవలెనని ఆ వృద్ధుడు చెప్పెను.

ఇంతవరకు పడవ సంగతి వ్రాసితిమి. మా సంగతియు వ్రాయకున్న యెడల ఈ ప్రసంగము కూడ పైపూతయే యగును. మన సంఘములో రెండు కుటుంబములు మూడేండ్లుగా మాటలాడుకొనుట లేదు. వారు ఎవరో ఇక్కడ చెప్పము. కారణము మొదట పొలము గట్టు దగ్గర పడిన ఒక్క మాట. మరమేకు బెజ్జమంత మాట. ఉభయులును ఆరాధనకు వత్తురు, కానుక వేయుదురు, ప్రభు సంస్కారములో పాలుపొందుదురు. మేము ప్రతి సంవత్సరమును పైవారికి పంపు నివేదికలో, సంఘము సమాధానముగా నున్నదని వ్రాసితిమి. ఆ యజమానునివలె మాకు తెలియదని చెప్పుటకైనను వీలులేదు. మాకు తెలియును. కదిలించిన యెడల సంఘము చీలునేమో యని భయపడి మెరుగుపెట్టుచు వచ్చితిమి.

అమెరికానుండి ఫోను వచ్చిన వారములోనే ఒక వృద్ధ విధవరాలిని దర్శింప వెళ్లితిమి. ప్రార్థన ముగిసిన పిమ్మట ఆమె, “అయ్యగారూ, ఆ ఇద్దరూ ఒకే బల్లకి ఆ కొసనొకరు, ఈ కొసనొకరు కూర్చుంటారు. మధ్యలో ఖాళీ మీకు కనబడట్లేదా?” అని అడిగెను. ఆమె చేతిలో సుత్తి లేదు గాని మమ్మును తట్టినది. మేము బొంగురుగా పలికితిమి. ఆ సాయంకాలమే రెండు ఇండ్లకును వెళ్లి, మొదట మా తప్పు ఒప్పుకొంటిమి. ఒక ఇంటివారు కన్నీటితో సమాధానపడుటకు సిద్ధపడిరి. రెండవ ఇంటివారు తలుపు తీసిరి, మంచినీళ్లు ఇచ్చిరి, ఇంకను మాట ఇయ్యలేదు. ఏడు దినముల పిమ్మట మరల చూడవలెనని యాజకునికి దేవుడు నేర్పెను గదా. మేము మరల పోవుదుము.

కాబట్టి ప్రియులారా, రాబోవు ప్రభు సంస్కార ఆదివారమునకు ముందు మూడు చోట్ల తట్టించుకొనుడి. మీ ఇంటిలో ఎవరితో మాట తగ్గినది? తీర్చగలిగియు తీర్చని అప్పు ఎవరిది? మరియొకరు చూచిన యెడల సిగ్గుపడవలసిన పని ఏది? ఒంటరిగా తట్టుకొని ఊరకుండకుడి. మనలను మనము తట్టుకొనినప్పుడు మెల్లగా తట్టుకొందుము. 139వ కీర్తనలో దావీదు తన్ను పరిశోధించుమని దేవునినే బతిమాలెను. మీ భార్యను గాని భర్తను గాని, దైవభయముగల యొక స్నేహితుని గాని అడుగుడి. వారు చెప్పినది వినుడి, కోపపడకుడి.

పుచ్చు బయటపడుట పడవకు అవమానము కాదు, ప్రాణరక్షణ. ఆ యజమానుడు పడవను అమ్మలేదు, పారవేయను లేదు. నేల పగులగొట్టి చూడగా రెండు దూలములు పోయినవట, మిగిలినవి గట్టిగా నున్నవట. ఇప్పుడు ఆ వృద్ధుడును మన యౌవనస్థుడును శనివారములలో పోయి, అతనితో కలిసి కొత్త దూలములు అమర్చుచున్నారు. కనిపెట్టినవాడే బాగుచేయుటకు తోడు నిలిచెను. మన ప్రభువును అట్టివాడే. ఆయన తట్టునది పడగొట్టుటకు కాదు, మంచి కర్ర ఎంతవరకున్నదో చూచి దానికి కొత్తది అతుకుటకే.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా పైపూతను చూచి మేము మోసపోతిమి. నీవు మమ్మును తట్టి చూడుము. పుచ్చినదానిని తీసివేయుము, నీ కుమారుని కృపచేత మమ్మును నూతనముగా కట్టుము. ఆ బల్లమీది ఖాళీని నీవే నింపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.