అరుదైన మ్రాను

ఒక వస్తువు లోకములో తగ్గిపోవుచున్నదని వినినప్పుడు మనుష్యుని హృదయములో రెండు తలంపులు పుట్టుటకు వీలున్నది. ఇకమీదట దానిని ముట్టకుందము అనునది మొదటిది. అయిపోకమునుపే మన వంతు తెచ్చుకొందము అనునది రెండవది. కరవు వచ్చునని తెలిసినప్పుడు బియ్యపు బస్తాల విషయములో ఈ రెండవ తలంపు ఎంత త్వరగా వచ్చునో మనమెరుగుదుము. అక్కడ ఆకలి భయము కలదు గనుక దానిని కొంత క్షమింపవచ్చును. అయితే ఆకలి తీర్చని వస్తువు విషయములో కూడ అదే తలంపు ఏల వచ్చుచున్నది? ప్రియ చదువరులారా, ఒక చెట్టు కథను వెంబడించి ఈ ప్రశ్నను ఆలోచింతము.

ఇంగ్లీషువారు రోజ్‌వుడ్ అని పిలుచు కలప గులాబి చెట్టునుండి వచ్చునది కాదు. అందులో కొన్ని జాతుల మ్రానును కోసినప్పుడు గులాబి వంటి పరిమళము వచ్చుటచేత దానికి ఆ పేరు కలిగినది. శాస్త్రజ్ఞులు ఈ చెట్లను డాల్బెర్జియా అను పేరుతో లెక్కింతురు. మన తెలుగువారు ఇరుగుడు అనియు, జిట్టేగి అనియు పిలుచు అడవి చెట్టు వీటిలో ఒకటి. ఈ చెట్లలో మనుష్యులు కోరునది లోపలి చేవ. అది ముదురు ఊదారంగుతో, నల్లని చారలతో, మెరుగు పెట్టినప్పుడు అద్దమువలె నుండును. అట్టి చేవ ముదురుటకు దశాబ్దములు పట్టును. తండ్రి నాటిన చెట్టును కుమారుడు కాక మనుమడు కోయవలసి యుండును. ఈ కలపతోనే గొప్పవారి మంచములు, గోడపలకలు, పియానో పెట్టెలు, గిటారుల వీపులును ప్రక్కలును చేయుచు వచ్చిరి.

బ్రెజిలు దేశపు తూర్పు తీరమున అట్లాంటిక్ అడవి అను గొప్ప అరణ్యముండెను. గిటారు చేయువారు అన్నిటికంటె మిన్నగా ఎంచిన రోజ్‌వుడ్ అక్కడిదే. ఆ అడవిలో నేడు మిగిలినది పూర్వపు విస్తీర్ణములో సుమారు 12 శాతము మాత్రమే. చెరకు తోటలు, కాఫీ తోటలు, పశువుల మేత బీళ్లు, పట్టణములు దానిని మ్రింగివేసెను. ఇది గిటారు చేసినవారి పని మాత్రమే యనుట న్యాయము కాదు. అయితే అడవి తరుగుచుండగా మిగిలిన మంచి మ్రానులను వెదకి నరికినది మాత్రము ఈ కలపమీది కోరికయే. 1960 తరువాతి సంవత్సరములలో మంచి దుంగలు దొరకుట కష్టమాయెను. అమెరికాలో పేరుపొందిన మార్టిన్ గిటారు కంపెనీ 1969లో బ్రెజిలు కలపను విడిచి భారతదేశపు రోజ్‌వుడ్‌కు, అనగా మన ఇరుగుడు చేవకు, మారెను. 1992లో అంతర్జాతీయ ఒడంబడికచేత బ్రెజిలు రోజ్‌వుడ్ వర్తకము నిషేధింపబడెను. దానికి ముందు కోసిన పాత కలపకు మాత్రము పత్రములతో అనుమతి కలదు. అప్పుడేమి జరిగెను? ఆ పాత కలప వెల మరింత పెరిగెను. ఇక దొరకదు అను మాటయే దానికి క్రొత్త ఆకర్షణ ఆయెను.

ఆఫ్రికా ప్రక్కనున్న మడగాస్కరు ద్వీపములో ఈ కథ మరింత దుఃఖకరమైనది. లోకములో మరెక్కడను పెరగని రోజ్‌వుడ్ జాతులు అక్కడ అనేకములు కలవు. 2009లో ఆ దేశపు ప్రభుత్వము కూలిపోగా, మసోలా, మరోజెజి అను రక్షిత వనములలోనికి నరకువారు గుంపులుగా ప్రవేశించిరి. ఈ దుంగలు నీటిలో మునుగునంత బరువైనవి. కావున వాటిని ఏటిలో దింపుటకు తెప్పలు కావలెను. ఆ తెప్పల కొరకు తేలిక చెట్లను మరికొన్నిటిని నరికిరి. గొడ్డలి పట్టినవాడు బీదవాడు. వానికి దొరకినది కొద్దిపాటి కూలి. లాభము ఓడరేవులలోని వర్తకులకు పోయెను. దుంగలు ఎక్కువగా చైనాకు చేరి, హొంగ్‌ము, అనగా ఎర్రకలప, అని పేరుగల పూర్వకాలపు రాజసపు మాదిరి కుర్చీలుగాను మంచములుగాను మారెను. 2005 మొదలుకొని 2014 వరకు లోకములో పట్టుబడిన దొంగ అటవీ సరకులన్నిటి విలువలో రోజ్‌వుడ్ వంతు 35 శాతమని ఐక్యరాజ్యసమితివారి 2016 నివేదిక తెలిపెను. ఏనుగు దంతము సహితము దాని వెనుకనే నిలిచెను. చివరకు 2017 జనవరి 2వ తేదీనుండి డాల్బెర్జియా చెట్లన్నిటి వర్తకమునకు అనుమతి పత్రములు అవసరమాయెను.

ఇక్కడ ఒకరు లేచి ఇట్లు అడుగవచ్చును. "ధనవంతుని గోడపలకల సంగతి సరే. సంగీతమును కూడ ఆ లెక్కలోనే వేయుదురా? ఒక్క గిటారుకు పట్టు కలప ఎంత? అది నూరేండ్లు పాడును, చేతినుండి చేతికి పోవును." ఈ ప్రశ్నలో న్యాయమున్నది. ఒక పెద్ద మంచమునకు పట్టు చేవతో అనేకమైన గిటారులు చేయవచ్చును. సంగీతకారులు, వాద్యములు చేయువారు ఈ మాటనే విన్నవించుకొనగా, 2019 నవంబరునుండి తయారైన వాద్యములకు ఆ పత్రముల నిబంధన సడలింపబడెను. బ్రెజిలు జాతికి మాత్రము సడలింపు లేదు. వాద్యము కలపను వాడుకొనును. ఆడంబరము దానిని కూడబెట్టును. ఈ రెంటికిని భేదమున్నది.

అయినను వాద్యము పేరుతో మనము తప్పించుకొనక, ఇంకొక ప్రశ్న వేసికొనవలెను. మనము కోరినది నిజముగా నాదమేనా? స్పెయిను దేశములో ఆంటోనియో డి టోరెస్ అను గొప్ప గిటారు నిర్మాత యుండెను. ఆయన 1862లో ఒక వింతపని చేసెను. ముఖపలకను మంచి కలపతో చేసి, వీపును ప్రక్కలను కాగితపు అట్టతో చేసెను. నాదమునకు ప్రాణము ముఖపలకలోనే యున్నదని చూపుటకే అట్లు చేసెను. ఆ గిటారు నేటికిని బార్సిలోనాలోని సంగీత ప్రదర్శనశాలలో నున్నది. మన కాలములోను ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఇట్టి పరీక్షయే చేసి 2018లో ప్రకటించిరి. ఒకే తీరున ఆరు గిటారులు చేయించిరి. వీపు ప్రక్కలకు మాత్రము ఆరు విధముల కలప వాడిరి. వాటిలో బ్రెజిలు రోజ్‌వుడ్ ఒకటి, మన దేశపుది ఒకటి, తక్కినవి చవుకైనవి. 52 మంది వాద్యకారులకు కన్నులు కనబడకుండ నల్లద్దములు పెట్టి, మసక వెలుతురులో వాయింపజేసిరి. వారు ఆరింటికిని ఇంచుమించు ఒకే విలువ కట్టిరి.

చెవికి తెలియని భేదమును ఎవరు చూచిరి? కన్ను చూచెను, పేరు చూచెను, వెల చూచెను. కన్నుల ఆనందము పాపమని నేననను. చేవలోని చారలను అట్లు దిద్దినవాడు దేవుడే. అయితే కంటికొరకు కోరినదానిని చెవికొరకని చెప్పుట న్యాయము కాదు. పొరుగువానికి లేనిది నాకున్నదను సంతోషమును కళాభిమానమని పిలుచుట అంతకంటె తగదు.

సొలొమోను కాలములో ఓఫీరునుండి ఓడలమీద వచ్చిన అరుదైన మ్రానుల సంగతి రాజుల మొదటి గ్రంథము పదియవ అధ్యాయములో నున్నది. మన బైబిలులో చందనపు మ్రానులని యున్నది గాని, హెబ్రీ భాషలోని పేరు అల్ముగ్గీము. అది ఏ చెట్టో పండితులు నేటివరకు ఏకాభిప్రాయమునకు రాలేదు. రాజు ఆ మ్రానులతో మందిరమునకును తన నగరునకును పని చేయించెను, గాయకులకు తంతివాద్యములను చేయించెను. గృహాలంకారమును సంగీతమును అప్పుడును ఒకే దుంగనుండి వచ్చెను. అటువంటి మ్రాను ఆ తరువాత కనబడలేదని లేఖకుడు చేర్చెను. ఎందుచేత కనబడలేదో ఆయన చెప్పడు. దానిని రాజు మహిమగానే వ్రాసెను. నేడు ఆ మాటను చదువునప్పుడు మనము కొంచెము ఆగవలెను. తరువాత పుట్టినవారికి లేకపోవుట మన మహిమ కాగలదా?

యిర్మీయా దీనిని ఎక్కువ సూటిగా అడిగెను. ఇరువదిరెండవ అధ్యాయములో ఆయన యెహోయాకీము రాజును గద్దించుచున్నాడు. ఆ రాజు విశాలమైన మేడ కట్టించి, దేవదారు పలకలు తాపించి, ఎర్రని రంగు పూయించెను. పనివారికి కూలి ఇయ్యకపోయెను. దేవదారు పలకలచేత నీవు రాజువగుదువా యను భావముతో ప్రవక్త అడుగుచు, అతని తండ్రి యోషీయాను జ్ఞాపకము చేయుచున్నాడు. యోషీయాయును అన్నపానములు పుచ్చుకొన్నవాడే, సుఖముగా నుండినవాడే. అయితే దీనుల వ్యాజ్యెమును న్యాయముగా తీర్చెను. ప్రవక్త దేవదారును నిందింపలేదు. ఆ పలక వెనుకనున్న కూలివాని ముఖమును చూడుమనెను.

మన యింట తాతలనాటి ఇరుగుడు మంచముండవచ్చును; దానిని పారవేయుట వలన ఏ చెట్టును తిరిగి లేవదు. దానిని జాగ్రత్తగా కాపాడి మనుమలకు ఇచ్చుటయే మంచిది. క్రొత్తది కొనునప్పుడు మాత్రము మూడు ప్రశ్నలు వేసికొందము. ఇది ఎక్కడ పెరిగిన చెట్టు? నరికినవానికి న్యాయమైన కూలి ముట్టెనా? ఇదే పనిని మరియొక కలప చేయదా? దక్షిణ దేశపు కాఫీ, తేయాకు తోటలలో నీడకొరకు నాటిన ఇరుగుడు చెట్లు ముదిరిన తరువాత వాద్యములకు ఉపయోగపడుచున్నవి. అట్టి కలపను కొనుటలో నింద లేదు. జవాబు చెప్పని అంగడిలో మన కోరికను కొంచెము అదుపులో నుంచుకొనుట నష్టము కాదు.

అరుదైనదగుట మనము దానిని పట్టుకొనుటకు కారణము కాదు, విడిచియుంచుటకే కారణము. వేప పలకతో చేసిన బల్లమీద భోజనము రుచిగానే యుండును. చవుక కలప గిటారుమీదను పాట పాటయే. అడవిలో విడిచిన ఆ ఒక్క చెట్టు మనమెన్నడును చూడని బిడ్డలకు నీడనిచ్చును.