బలము – నిగ్రహము

అండమాను దీవులలో, 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్టు బ్లెయిరునకు ఎదుట, సముద్రపు పాయ కావల, హారియెట్ కొండ పాదమున హోప్ టౌన్ కలదు. 1872 ఫిబ్రవరి 8వ తేదీ సాయంకాలమున వైస్రాయి మేయో ప్రభువు ఆ కొండ నెక్కి, సూర్యాస్తమయమును చూచి దిగివచ్చి, హోప్ టౌన్ రేవులో పడవ నెక్కబోవుచుండెను. చుట్టును రక్షకభటు లుండిరి. చీకటిలో పొంచియున్న షేర్ అలీ అను ఖైదీ వెనుకనుండి మీదబడి కత్తితో పొడిచెను. ప్రభువు మరణించెను. షేర్ అలీని మార్చి 11వ తేదీన వైపర్ ద్వీపమున ఉరితీసిరి. సత్ప్రవర్తన కలవాడని తలచి అధికారులు అతనికి క్షురకవృత్తి నొసగి, కొంత స్వేచ్ఛ నిచ్చియుండిరి.

ఆనాడు లోపించినది దేహబలము కాదు. వేగము, గురి, సాహసము సమృద్ధిగా నున్నవి. అతడు పాటించిన క్రమము వెలుపలిది మాత్రమే. లోపలి పగను అది తాకలేదు. మునిగిపోవువానిని ఒడ్డునకు లాగు చేతికిని, కత్తి దూయు చేతికిని కండరము లొక్కటే. అట్లయిన, బలమును పెంచుట నేర్చినవాడు దానిని నిలుపుటయు నేర్వవలదా?

బలసాధనము నేడు ఉన్నతవిద్యలలో నొకటి. గ్వాలియరులో 1957లో నెలకొల్పబడిన లక్ష్మీబాయి వ్యాయామవిద్యాసంస్థలో పట్టభద్రులు వ్యాయామ శరీరధర్మశాస్త్రము నభ్యసించుచున్నారు. ఆ శాస్త్రపు మొదటి పాఠము క్రమవృద్ధి: బరువు కొంచెము కొంచెముగా పెరుగవలెను. రెండవది విశ్రాంతి: కండ గట్టిపడునది బరువెత్తునప్పుడు కాదు, పిదప ఆహారనిద్రలవలన. గీత ఆరవ అధ్యాయమున బోధింపబడిన మితము ప్రయోగశాలలోను సత్యమే యగుచున్నది. మూడవది విచిత్రమైనది. సాధనము మొదలిడిన తొలి వారములలో కండ అంతగా పెరుగకయే బలము పెరుగును. ఉన్న తంతువులను నరములు మేల్కొల్పుటయే దానికి ముఖ్యకారణము. జాంబవంతుడు జ్ఞప్తికి తెచ్చువరకు హనుమంతుడు తన బలము నెరుగకుండుట దీనికి చక్కని దృష్టాంతము.

ఇంతకంటె ఆలోచింపదగినది మరియొకటి కలదు. చేయి ముడుచునప్పుడు ముందువైపు కండ బిగియుచుండగా, వెనుకవైపు కండను నాడీమండలము సడలించును. ఈ పరస్పరనిరోధమును ఆంగ్లశాస్త్రజ్ఞుడు షెరింగ్టన్ వివరించెను; నాడీకణములను గూర్చిన పరిశోధనకు ఆయనకు 1932లో నోబెల్ బహుమానము లభించెను. ఈ నిరోధము లేనిచో రెండు కండలును ఒకదానితో నొకటి పెనుగులాడి, చేయి బిగిసిపోవును. కావున నిగ్రహము బలమునకు శత్రువు కాదు. బలమున అదియు నొక అంగము.

అయితే నరముల నిగ్రహము పుట్టుకతో వచ్చును, మనోనిగ్రహమును సాధించుకొనవలెను. శరీరశాస్త్రము దానిని ఈయజాలదు. క్రమముగా పెంచు బరువులతో గాయపడిన సైనికులకు సత్తువ తెప్పించు విధానమును అమెరికా సైనికవైద్యుడు డిలోర్మ్ 1945లో ప్రకటించెను. 1988లో సియోల్ ఒలింపిక్ క్రీడలలో బెన్ జాన్సన్ నూరు మీటర్ల పరుగును 9.79 సెకనులలో ముగించి, నిషిద్ధమైన మందు వాడెనని తేలగా, మూడు దినములకే పతకమును కోల్పోయెను. దేహవిజ్ఞాన మొక్కటే, ఒకచోట సేవ యైనది, వేరొకచోట వంచన యైనది.

ఈ బాధ్యత శిక్షకునికి మరింత బరువైనది. ఏలయన అతని చేతిలో నున్నది పరుల దేహము. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడు లోకప్రసిద్ధుడు కాకమునుపు విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడు. రొమ్మునకు చుట్టిన ఇనుప గొలుసును ఆయన తెంచినది ఊపిరిని బిగబట్టియే. నిగ్రహమే బలమగుటను జనులు కన్నులార చూచిరి.

పోటీ దగ్గరపడినది. శిష్యురాలి మోకాలు వాచినది. నొప్పి లేదని ఆమె యనుచున్నది. పతకముపై ఆశ గురువునకును కలదు. ఆ క్షణమున "నేటికి చాలునమ్మా" అని ఆపగలవాడే ఆ విద్యను పూర్తిగా నేర్చినవాడు. కామరాగములు లేని బలము తన స్వరూపమేయని భగవానుడు గీతలో సెలవిచ్చెను. హోప్ టౌన్ రేవులో కత్తి యెత్తిన చేయి బలమైనదే. ఎత్తిన చేతిని దింపుకొనగల బలము మాత్రము దానికి లేకపోయెను.