పెట్టే చెయ్యి

ఇవ్వడానికి మన భాషలో చాలా మాటలున్నాయి. దానం, కట్నం, చదివింపులు, పెట్టుపోతలు, ధారపోయడం. వీటన్నిటిలోనూ నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న మాట ‘పెట్టడం’. డబ్బు ఇస్తాం, అన్నం పెడతాం. ‘ఆవిడది పెట్టే చెయ్యి’ అని మెచ్చుకుంటాం. ఆ మెప్పు ఎక్కువగా ఆడవాళ్లకే. మగవాడు ఇస్తే దాత అవుతాడు. గుడిలో రాయి మీద అతని పేరు చెక్కుతారు. ఫ్యాను ఇచ్చినా సరే, దాని రెక్కల మీద పేరు రాయించుకుంటాడు. ఆడవాళ్లు పెట్టింది సాయంత్రానికి అరిగిపోతుంది, మళ్లీ రాత్రికి పెట్టాలి.

ఇంట్లో ఇచ్చేదెప్పుడూ చిన్నదే. మా అమ్మ ఫిల్టరులో దిగిన మొదటి డికాక్షన్‌తో నాన్నకి కాఫీ కలిపేది. అదే పొడిమీద మళ్లీ వేణ్ణీళ్లు పోసి, దిగిన రెండో డికాక్షన్ తను తాగేది. గడ్డపెరుగు పిల్లలకీ, అడుగున మిగిలిన నీళ్లపెరుగు తనకీ. చేపల పులుసు వండే ఇళ్లలో నడిమి ముక్కలు ఎవరి కంచంలోకి వెళతాయో, తోకముక్క ఎవరికి మిగులుతుందో నా స్నేహితురాళ్లు చెప్పగా విన్నాను. కులం మారితే వంటకం మారింది గానీ లెక్క మారలేదు. దీన్ని త్యాగం అనేవాళ్లు. అమ్మ ఆ మాట ఎప్పుడూ అనలేదు. ‘నాకు పల్చగా ఉంటేనే ఇష్టమే’ అనేది. అది నిజమేనా, అనగా అనగా నిజమైపోయిందా అన్నది తేల్చుకునే వీలు నాకు లేకుండానే ఆమె వెళ్లిపోయింది.

స్త్రీవాదం మనకు చేసిన పెద్ద మేలు ఈ త్యాగానికి చాకిరీ అని పేరు పెట్టడం. విమల ‘వంటిల్లు’ చదివాక వంటగదిని మునుపటిలా చూడగలిగిన వాళ్లెవరు? ప్రభుత్వ లెక్కలూ ఆ మాటే చెబుతున్నాయి. 2024లో దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకు 289 నిమిషాలు గడుపుతుంటే, ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు గడుపుతున్నారు. 2019లో అవి 299, 97. ఇద్దరివీ తగ్గాయి, తేడా దాదాపు అలాగే ఉంది. పైగా ఈ 88 ఆ పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ల సగటు మాత్రమే. అసలు పెట్టనివాళ్లు అందులో లేరు.

కాబట్టి ‘కుటుంబంలో రోజూ చిన్న చిన్నవి ఇవ్వడం అలవాటు చేసుకోండి’ అని ఎవరైనా హితబోధ చేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరికి చెబుతున్నారు? ఆ అలవాటు లేనివాళ్లకి చెప్పండి.

అయినా ఈ వ్యాసం రాయడానికి కారణం వేరే ఉంది. మా అత్తగారికి ఎనభై నాలుగేళ్లు. మూడేళ్లుగా మంచం దిగలేరు. నా పెళ్లయిన కొత్తలో బీరువా తాళాలు, వంటింటి పెత్తనం, చివరికి నా జీతం కూడా ఆవిడ చేతిలోనే ఉండేవి. ఉద్యోగానికి వెళ్లే కోడలికి క్యారియర్ కట్టడం ఆవిడ దృష్టిలో నామోషీ. ఇప్పుడు ఆవిడకి పొద్దున్నే మొహం తుడిచేది, జావ పట్టేది, మధ్యాహ్నం జడ వేసేది నేను. మా సాహిత్య మిత్రురాలొకామె సూటిగానే అడిగింది: ‘ఇన్నేళ్లు ఇవన్నీ చదివీ, రాసీ, మళ్లీ అదే చాకిరా?’

ఆ ప్రశ్నకి నేను కోడలిననో, ధర్మమనో జవాబు చెప్పను. మార్సెల్ మోస్ 1925లో కానుక గురించి రాస్తూ, ఉచితంగా కనిపించే కానుక వెనక మూడు బాధ్యతలుంటాయన్నాడు. ఇవ్వాలి, పుచ్చుకోవాలి, తిరిగి ఇవ్వాలి. మన ఇళ్లకి వస్తే ఇవి ముగ్గురికి పంచేశారనిపిస్తుంది. ఇవ్వడం కోడలికి, పుచ్చుకోవడం కొడుక్కి, తిరిగి ఇవ్వడం దేవుడికి. కన్యాదానంలో అయితే ఇచ్చే వస్తువే మనిషి. తననే ఇచ్చేశాక ఆ మనిషి ఇంకొకరికి ఏదైనా ‘ఇవ్వడం’ ఎలా కుదురుతుంది? వద్దనగలిగే హక్కు ఉన్న చోటే ఇవ్వడం మొదలవుతుందని నా నమ్మకం. అది లేనిచోట జరిగేది వసూలు. అలాగే, చల్లారిన కూర పనిమనిషికి ఇచ్చి ‘పెట్టాను’ అనుకోవడం గిన్నె ఖాళీ చేసుకోవడమే.

అందుకే ముందు వద్దన్నాను. రాత్రిళ్లు నావి కావు, ఆదివారాలు నావి కావు అని మా ఆయనతో చెప్పాను. మొదట్లో ‘నీకు సాయం చేస్తున్నా కదా’ అనేవారు. ఎవరి అమ్మకి చేస్తూ ఎవరికి సాయం! ఆ మాట మానడానికి ఏడాది పట్టింది. ఒళ్లు తుడవడానికి అత్తగారే ఒప్పుకోలేదు, కొడుకు ముందు సిగ్గు. ఆదివారాలు దానికో ఆయాని కుదుర్చుకున్నారు. కాళ్లకి నూనె రాయడం, గోళ్లు తీయడం, అర్ధరాత్రి మంచినీళ్లివ్వడం, పేపరు చదివి వినిపించడం ఆయన చేస్తారు. చూడొచ్చిన చుట్టాలు ‘ఎంత మంచి కొడుకమ్మా, ఈ రోజుల్లో!’ అని కళ్లు తుడుచుకుంటారు. మిగతా ఆరు పగళ్లూ ఎవరి కంటా పడవు. ఆర్లీ హాక్‌షీల్డ్ 1989లో ‘ది సెకండ్ షిఫ్ట్’లో సంసారంలో కృతజ్ఞత కూడా ఒక లెక్క ప్రకారం నడుస్తుందని రాసింది. ఒకే పని, చేసినవాళ్లని బట్టి ఒకచోట కానుక, ఇంకోచోట విధి.

ఈ మూడేళ్లలో నేను ఎక్కువ గమనించింది ఇచ్చేవాళ్లని కాదు, పుచ్చుకునే ఆవిడని. జీవితమంతా పెట్టి బతికిన మనిషికి పుచ్చుకోవడం చేతకాదు. దాహమేసినా అడగరు. ఎండిన పెదాలు నాలుకతో తడుపుకుంటూ పడుకుంటారు. నేనే గమనించి ఇస్తే ‘ఇప్పుడెందుకు, నీకు పనుందిగా’ అంటారు. పెట్టే చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకునే చెయ్యి కింద ఉంటుంది. ఆవిడకి ఇంట్లో దొరికిన అధికారమంతా ఆ గరిటెలోనే ఉండేది, అది నాకివ్వకుండా ఎందుకు పట్టుకున్నారో ఇప్పుడు తెలుస్తోంది. తెలిసినంత మాత్రాన నా జీతం విషయం మరిచిపోలేదు, మరిచిపోవాలనీ లేదు. ఆవిడ దాహానికి నా జ్ఞాపకంతో పనిలేదు, అంతే. గ్లాసు అందిస్తాను. క్షమించడం వేరే సంగతి, అది ఈ మంచం దగ్గర తేలేది కాదు.

ఆవిడ అడగక ముందే దాహం కనిపెట్టడం, ఆ ‘వద్దులే’లోని అవును వినడం పనుల పట్టికలో రాయదగ్గ పనులు కావు. సర్వేలో వాటికి నిమిషాలు వేయలేరు. ఇవి మనకి చిన్నప్పటి నుంచీ నేర్పించారు, మగపిల్లలకి నేర్పలేదు. ఇవీ బానిసత్వంలో భాగమేనని పారేద్దామా? నాకు పారేయబుద్ధి కాదు. ఆడవాళ్లు వదులుకోవడం కంటే మగవాళ్లు నేర్చుకోవడం మేలు. నేర్చుకోగలరు కూడా. మొన్నామధ్య మా ఆయన పేపరు చదువుతూ మధ్యలో ఆపి, లేచి వెళ్లి నీళ్లు తెచ్చారు. ఆవిడ అడగలేదు.

ఇదంతా ఫోనులో వింటూ బెంగళూరు నుంచి మా అమ్మాయి అడిగింది, ‘రేపు నీకు నేనూ ఇలాగే చెయ్యాలా అమ్మా?’ అని. చెయ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు. పోస్టాఫీసులో నెలనెలా కొంత వేసుకుంటున్నానని, ఆయాని పెట్టుకోవడానికి సరిపోతుందని మాత్రం చెప్పాను. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఎంత వేస్తున్నావు?’ అంది.