కోపం ఎక్కడికీ పోదు, మరి సాధన ఎందుకు?



మొన్న ఆదివారం చంద్లాపూర్‌లో రంగనాయక స్వామి దర్శనం చేసుకుని, అమ్మానాన్నలతో రంగనాయక సాగర్ కట్ట మీద కూర్చున్నాను. నాన్న మళ్లీ అదే అడిగారు: "పెళ్లి సంగతి ఏం జేసినవ్ రా?" ఆర్నెల్లుగా కోపం తగ్గించుకునే సాధనలో ఉన్నాను. ఆ ఒక్క మాటకే అరిచేశాను. నాన్న మౌనంగా నీళ్ల వైపు తిరిగారు.

ఇంత ధ్యానమూ వృథాయేనా?

కాదు. పావ్‌లోవ్ కుక్కలకు శబ్దం వినిపించి తిండి పెట్టడం మానేస్తే, మెల్లగా లాలాజలం ఊరడం ఆగింది. కొంత విరామం తర్వాత అదే శబ్దానికి మళ్లీ ఊరింది! పాత స్పందన చెరిగిపోదు. మెదడు ముందుభాగం, అంటే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, లోపల అలారం మోగించే అమిగ్డలాకు బ్రేక్ వేయడం నేర్చుకుంటుంది, అంతే.

విషయాలకు దూరమైనా లోపల రుచి మిగులుతుందని, పరమాత్మను దర్శించాకే అదీ పోతుందని గీత రెండో అధ్యాయంలో కృష్ణయ్య చెప్పాడు. అప్పటిదాకా దారి? ఆరో అధ్యాయంలో ఉంది: అభ్యాసం, వైరాగ్యం.

ఈ సాగర్‌లో 3 టీఎంసీలు పడతాయి. కట్ట నీళ్లను మాయం చేయదు, ఆపి పొలాలకు పంపిస్తుంది. మన సాధనా అంతే. ఒకరోజు గండి పడితే కట్ట మళ్లీ పోసుకోవాలి.

"తప్పయింది నాన్నా" అన్నాను.

"సరే తియ్, పులిహోర తిను" అన్నారు.

ఈ వారం మీరెవరికి ఆ మాట చెప్పాలో ఆలోచించండి. స్వామి అనుగ్రహం మనందరికీ ఉండాలి.