ఎక్కే గడప, దిగే గడప

ఆటిజం ఉన్న బిడ్డ తల్లిదండ్రుల వెతుకులాట ఆసుపత్రిలో మొదలవదు. ఇంట్లో, ఇంకా ఎవరితోనూ అనని ఒక అనుమానంతో మొదలవుతుంది. ఏడాదిన్నర దాటిన పిల్లవాడికి దాహం వేస్తుంది. వేలు పెట్టి చూపించడు, ఏ మాటా అనడు, అమ్మ ముఖంకేసి చూడడు. ఆమె మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కుపోయి, ఆమె చేతిని తలుపు మీద పెడతాడు. తలుపు తెరుచుకోగానే ఆ చెయ్యి వదిలేస్తాడు. మొదట్లో అది ఇంటిల్లిపాదికీ తెలివిగా, ముద్దుగా కనిపిస్తుంది. పక్కింట్లో అదే ఈడు పిల్ల గోడ మీది కాకిని చూపించి, అమ్మ కూడా చూసిందా లేదా అని వెనక్కి తిరిగి చూసినప్పుడు మాత్రం ఈ తల్లికి గుండెలో కలుక్కుమంటుంది. కాకిని ఇద్దరు పిల్లలూ చూశారు. చూసిన సంగతిని ఇంకొకరితో పంచుకోవాలన్న ఆరాటం ఒకరిలోనే కనిపించింది. ఆటిజాన్ని గుర్తుపట్టే తొలి సూచనల్లో ఇదొకటి. నిపుణులు ప్రశ్నావళి పెట్టి అడగబోయేదాన్ని తల్లి వసారాలో నిలబడి అప్పటికే గమనించి ఉంటుంది.

గమనించడానికీ, ఆ సంగతి పైకి అనడానికీ మధ్య చాలా కాలం గడిచిపోతుంది. "వాళ్ల మేనమామకూ నాలుగేళ్లు నిండాకే మాటొచ్చింది" అంటారు పెద్దవాళ్లు. వస అరగదీసి నాకించమంటారు. మగపిల్లలకు మాట ఆలస్యమేనంటారు. ప్రేమతో అన్న మాటలే అన్నీ. కాని ఆ ఓదార్పు కింద ఒక్కోసారి ఏడాది, రెండేళ్లు కొట్టుకుపోతాయి. పద్దెనిమిది నెలలకూ రెండేళ్లకూ మధ్యనే చాలామంది పిల్లల్లో ఈ తేడాను పోల్చుకోవచ్చు. ఎంత ముందుగా సాయం మొదలైతే అంత మేలు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీలకూ బడులకూ వైద్య బృందాలను పంపుతుంది. ఆ బృందాలు చూడాల్సిన సమస్యల్లో ఆటిజమూ ఉంది. అయితే గ్రహణం మొర్రి కంటికి కనిపిస్తుంది, గుండెలో రంధ్రం స్టెతస్కోపుకు వినిపిస్తుంది. మూల కూర్చుని బొమ్మకారు చక్రాన్ని గంటసేపు తిప్పుకునే పిల్లవాడు ఎవరికీ ఇబ్బంది కలిగించడు. బుద్ధిమంతుడని పేరు కూడా తెచ్చుకుంటాడు.

ఆ స్థితికి ఆటిజమనే పేరుందని తెలిసిన రోజు నుంచి నింద కూడా వెంట నడుస్తుంది. 1943లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఈ స్థితికి వైద్యశాస్త్రంలో ఒక రూపం ఏర్పడింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఆ శాస్త్రమే తల్లులకు పెద్ద అన్యాయం చేసింది. తల్లిలో వాత్సల్యం గడ్డకట్టుకుపోవడం వల్లే బిడ్డ తనలోకి తాను ముడుచుకుపోయాడన్న వాదం చలామణీ అయింది. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో దానిమీద పుస్తకమే రాశాడు. అంతకు మూడేళ్ల ముందే, ఇది నాడీవ్యవస్థకు సంబంధించిన సంగతి అని గట్టిగా వాదించిన బెర్నార్డ్ రిమ్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి. ఆటిజం ఒకే మూస కాదని, అది విశాలమైన శ్రేణి అని ప్రపంచానికి అర్థమయ్యేలా చెప్పిన బ్రిటిష్ వైద్యురాలు లోర్నా వింగ్ అలాంటి కూతురికి తల్లి. 1991లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజంను నెలకొల్పిన మెర్రీ బరువా కూడా ఒక తల్లే. గర్వించదగ్గ చరిత్ర ఇది. అయినా మనసు నొచ్చుకుంటుంది. ఆ దారిన నడవాల్సినవాళ్లే, చంకన బిడ్డనెత్తుకుని, దారి కూడా వేసుకోవాల్సి వచ్చింది.

తల్లిని నిందించే సిద్ధాంతం పుస్తకాల్లోంచి పోయింది, వాకిళ్లలోంచి పోలేదు. ఉద్యోగానికి వెళ్లి పట్టించుకోలేదంటారు, ఫోన్ చేతికిచ్చి పాడుచేసిందంటారు. తండ్రి మీద ఆ మాట పడటం అరుదు.

చట్టం మెల్లగా కదిలింది. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను గుర్తించింది, అందులో ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలో తొలిసారి చోటు దొరికింది. 2011 జనాభా లెక్కల్లో మాత్రం వైకల్యాల పట్టికలో ఆటిజానికి విడిగా గడి లేదు. ఇంటికి వచ్చిన గణకుడు ఆ బిడ్డను మరేదో పేరు కింద రాసుకుపోయాడు, లేదా అసలే రాసుకోలేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం రిజర్వేషన్, అందులో ఒక శాతం ఆటిజం, మేధోవైకల్యం, మానసిక రుగ్మత వంటివి ఉన్నవారికి ఉమ్మడిగా దక్కాలని అందులో ఉంది. ఇవన్నీ పొందాలంటే వైకల్యం 40 శాతానికి తగ్గలేదని ఒక పత్రం ఉండాలి.

తెలుగునాట ఆ పత్రాన్ని అందరూ సదరం అంటారు. దానికి స్లాటు పెట్టుకోవాలి, తేదీ రావాలి, ఆ తేదీన బిడ్డను తీసుకుని జిల్లా ఆసుపత్రికి వెళ్లాలి. ఆటిజాన్ని కొలవడానికి మన దేశం వాడే కొలమానం తయారైంది సికింద్రాబాద్‌లోనే, మనోవికాస్ నగర్‌లో, మేధోవైకల్యం ఉన్నవారి కోసం నెలకొల్పిన జాతీయ సంస్థలో. 40 అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. కళ్లలోకి చూస్తాడా, పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడా, తోటిపిల్లలతో కలుస్తాడా, ఒక్క పనే పదేపదే చేస్తాడా. చంటి వయసు నుంచి బిడ్డలో ఏ చిన్న మార్పు కనిపించినా పొంగిపోయిన తల్లి, ఇక్కడ కూర్చుని వాడికి రానివన్నీ వరసగా చెప్పాలి. పక్కనే వాడు వింటూంటాడు. మాట రానంత మాత్రాన మాట అర్థం కాదనుకోవడం పొరపాటు. సరిగ్గా అప్పుడే డాక్టరు పేరు పెట్టి పిలుస్తారు. ఇంట్లో పదిసార్లు పిలిచినా పలకనివాడు చటుక్కున తల తిప్పుతాడు. వేరే రోజైతే ఆ తల్లి ఆ క్షణాన్ని పండగ చేసుకునేది. ఈ గదిలో మాత్రం, శాతం తగ్గుతుందేమోనని ఆమె గుండె జారిపోతుంది. ఆ తర్వాత, అలా జారినందుకు తనను తాను క్షమించుకోలేకపోతుంది.

అదే నెలలో బడి అడ్మిషన్లు. ఇప్పుడు అదే తల్లి, అదే ఫైలు చంకన పెట్టుకుని, ఇంకో గది ముందు కూర్చుంటుంది. ఇక్కడ మాట తిరగబడాలి. "కూర్చుంటాడు సార్, అక్షరాలన్నీ వచ్చు, ఎవరి జోలికీ పోడు." చెవులు మూసుకుంటాడని చెప్పదు. ప్రార్థన గంట మోగినప్పుడు ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు, అయినా చెప్పదు. సాయం కావాలంటే బిడ్డను ఉన్నదానికన్నా తక్కువగా, చోటు కావాలంటే ఉన్నదానికన్నా ఎక్కువగా చూపించాలి. రెండు చోట్లా ఆమె అబద్ధమాడలేదు. రెండు చోట్లా నిజం మొత్తం చెప్పే వీలు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఈ వెతుకులాటలో డబ్బు కన్నా, తిప్పల కన్నా లోతుగా కోసేది ఇదే. ఒక గడపలో బిడ్డ శాతం, ఇంకో గడపలో బడి ర్యాంకు తగ్గించే ముప్పు, మరో గడపలో నలభై అయిదు నిమిషాల థెరపీ సెషన్. ఏ గడపలోనూ పిల్లవాడు మొత్తంగా పిల్లవాడు కాడు. ఆ ముక్కలన్నీ ఏరి మళ్లీ ఒక మనిషిగా ఇంటికి తెచ్చుకునే పని తల్లిదండ్రులది.

థెరపీ సంగతి దూరాలతో ముడిపడి ఉంది. స్పీచ్ థెరపీ, ఓటీ అని అందరూ పిలిచే ఆక్యుపేషనల్ థెరపీ, ప్రత్యేక విద్య: ఈ మూడూ తెలిసినవాళ్లలో ఎక్కువమంది పెద్ద నగరాల్లోనే ఉన్నారు. సికింద్రాబాద్ సంస్థ 1984లో ఏర్పడింది. ఈనాటికీ దూరపు జిల్లాల నుంచి రాత్రి రైలెక్కి తెల్లారి అక్కడ దిగే కుటుంబాలున్నాయి. నెలకోసారి రావడం కుదరదని తేలాక ఇల్లు రెండు పొయ్యిలవుతుంది. తల్లీబిడ్డా హైదరాబాద్‌లో ఒక్క గది అద్దెకు తీసుకుంటారు, తండ్రి ఊళ్లో వ్యవసాయమో ఉద్యోగమో చూసుకుంటాడు, పెద్దపిల్ల అమ్మమ్మ దగ్గర చదువుకుంటుంది. సెషన్ ముప్పావుగంట. దానికోసం రెండు బస్సులు మారాలి. ఆ బస్సు హారన్‌కే పిల్లవాడు చెవులు మూసుకుని కింద పడి ఏడుస్తాడు, చుట్టూ ఉన్నవాళ్లు "రెండు తగిలించమ్మా" అంటారు. థెరపీలో కూడగట్టుకున్న నెమ్మది దారిలోనే ఖర్చయిపోతుంది. ప్రభుత్వమిచ్చే వికలాంగుల పింఛను తెలంగాణలో నెలకు 4,016, ఆంధ్రప్రదేశ్‌లో 6,000 రూపాయలు. ప్రైవేటు కేంద్రంలో నెల పొడవునా థెరపీకి అది చాలదు.

మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వ భవిత కేంద్రాలున్నాయి. ఆలోచన చాలా మంచిది: సాయం బిడ్డ దగ్గరికి రావాలి. ఒకరిద్దరు ప్రత్యేక ఉపాధ్యాయులే అన్ని రకాల వైకల్యాల పిల్లలనూ చూస్తూ, బడులకూ ఇళ్లకూ తిరగాల్సి రావడం దాని బలహీనత. వినికిడి లోపం ఉన్న పిల్లకు కావాల్సింది వేరు, శబ్దం భరించలేని పిల్లవాడికి కావాల్సింది వేరు. తల్లిదండ్రులకే మెళకువలు నేర్పితే స్నానం, అన్నం, చొక్కా గుండీలు పెట్టుకోవడం అన్నీ పాఠాలే అవుతాయన్నది నిజం. మేలు కూడా. అయితే తల్లిని పూర్తిగా థెరపిస్టుగా మార్చేస్తే, ఏ పాఠమూ చెప్పకుండా ఊరికే ఒళ్లో పడుకోబెట్టుకునే మనిషి ఆ ఇంట్లో ఎవరు మిగులుతారన్నది కూడా అడగాల్సిన ప్రశ్న.

భాష సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. థెరపీలో చూపించే అట్ట ముక్కల మీద ఆపిల్, బాల్, క్యాట్. హైదరాబాద్‌లోనూ, డల్లాస్‌లోనూ తెలుగు తల్లిదండ్రులకు తరచు దొరికే సలహా ఒకటే: పిల్లవాడు గందరగోళపడతాడు, ఇంట్లో ఒక్క ఇంగ్లిషే మాట్లాడండి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాట మరింత ఆలస్యమవుతుందని పరిశోధనల్లో తేలలేదు. సలహా పాటించిన ఇంట్లో మాత్రం నానమ్మకు నోరు పోతుంది. పిల్లవాడికి ఎట్టకేలకు వచ్చిన నాలుగు మాటలూ ఆమెకు అర్థం కావు, ఆమె లాలిపాట వాడికి చేరదు. అమెరికాలో 1975 నాటి చట్టం వల్ల, వైకల్యం ఉండి ప్రత్యేక విద్య అవసరమైన ప్రతి బిడ్డకూ బడి విడిగా ఒక ప్రణాళిక రాయాలి. అక్కడి తెలుగు తల్లిదండ్రులకు ఈ ఊరట ఉంది. వీసా గడువు ముగిసి తిరిగొస్తే ఆ ప్రణాళిక కాగితం ఇక్కడి ఏ బడిలోనూ చెల్లదు. అత్తమామల సాయం లేని అక్కడా, సాయం ఉన్నా సేవలు లేని ఇక్కడా అన్న లెక్కతో ఎన్నో కుటుంబాలు ఏళ్ల తరబడి సతమతమవుతాయి.

గడపలు మూసుకున్నచోట, తెరిచి ఉన్న ఏ తలుపైనా దేవుడి గుడిలా కనిపిస్తుంది. మూలకణాలు ఎక్కిస్తే నయమవుతుందని లక్షలు తీసుకునేవారు అలా దొరుకుతారు. రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు తప్ప మూలకణ చికిత్సకు అనుమతి లేదని, మిగతాదంతా పరిశోధనగానే జరగాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెప్పాయి. ఆటిజాన్ని నయం చేసే మందు లేదు. ఉన్నది నేర్పడం, అలవాటు చేయడం, చుట్టూ ఉన్న లోకాన్ని కాస్త సర్దడం. పొలం అమ్మి చికిత్సకు కట్టిన తండ్రిని తెలివితక్కువవాడనడం తేలిక. ఏడాదిపాటు తిరిగినా, "నేను చూసుకుంటాను" అన్న మాట ఆయన చెవిన పడింది ఆ ఒక్కచోటే.

పద్దెనిమిదేళ్లు నిండాక ఇంకో మలుపు. పిల్లల సేవలు ఆగిపోతాయి. చట్టం దృష్టిలో ఆ రోజు నుంచి అతను పెద్దవాడు. బ్యాంకు ఖాతాకూ ఆస్తికీ సంరక్షకుడు కావాలంటే నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టాలి. లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులు భరించే నిరామయ బీమా ఉంది, తెలిసినవాళ్లు తక్కువ. పెద్దవాళ్లకు పని నేర్పే చోట్లు తక్కువ, ఉండిపోవడానికి నమ్మకమైన చోట్లు ఇంకా తక్కువ. ఇన్నేళ్లూ "ఎక్కడ చూపించాలి" అని అడిగిన తల్లిదండ్రులు ఇప్పుడు "మా తర్వాత ఎవరు" అని అడుగుతారు. ఆ రెండో ప్రశ్నకు ఏ కౌంటరూ లేదు.

కొందరు తల్లులు ఒక నోట్‌బుక్ రాసి పెడతారు. చెల్లెలికో, మేనకోడలికో, ఇంకా ఎవరో తెలియని ఎవరికో. అన్నంలో పప్పు కలిపి ఇవ్వకూడదు, పక్కన పెట్టాలి. స్టీలు గ్లాసు అయితేనే నీళ్లు తాగుతాడు. కుక్కర్ మూడో కూతకు ముందే వేరే గదిలోకి తీసుకెళ్లాలి. చొక్కా వెనక లేబుల్ కత్తిరించేయాలి. కరెంటు పోతే భయపడడు, వచ్చినప్పుడు భయపడతాడు. ఏడుస్తుంటే మాట్లాడించవద్దు, పక్కన కూర్చుంటే చాలు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్తే వెంట వెళ్లాలి, ఏదో అడుగుతున్నాడు.