పక్క సీటులో తండ్రి

ధ్యానభాగం: హోషేయ 11:1-4

నూర్పులు అయిపోయాక విజయనగరం చుట్టుపక్కల పల్లెల్లో కళ్లాలు ఖాళీగా ఉంటాయి. ఆదివారం సాయంత్రం అలాంటి కళ్లంలో ఒక పాత పికప్ బండి గెంతుతూ, ఆగుతూ తిరుగుతోందంటే, ఎవరో డ్రైవింగ్ నేర్చుకుంటున్నారన్నమాట. వారమంతా రైతుబజారుకు కూరగాయలు మోసే బండి అది. స్టీరింగ్ దగ్గర ఈమధ్యే పద్దెనిమిది నిండిన కుర్రాడు, పక్క సీటులో తండ్రి. సరుకు బండిని రోడ్డు మీద నడపాలంటే చట్టం ప్రకారం 20 ఏళ్లు నిండాలి. అందుకే ముందు సొంత కళ్లంలోనే నేర్పుతున్నాడు.

పాత బండి క్లచ్ గట్టిగా ఉంటుంది. ఎడమకాలితో దాన్ని పూర్తిగా తొక్కి, మొదటి గేరు వేసి, కుడికాలితో కొంచెం రేజ్ ఇస్తూ క్లచ్‌ను మెల్లగా వదలాలి. ఒకచోటికి వచ్చేసరికి ఇంజను శబ్దం మారుతుంది, బండి ముందుకు లాగుతుంది. అక్కడ కాలు కాస్త నిలపాలి. డ్రైవర్లు దాన్నే హాఫ్ క్లచ్ అంటారు. అది ఎక్కడుందో ఎంత చెప్పినా అర్థం కాదు, కాలికే తెలియాలి.

కుర్రాడు కంగారుపడి క్లచ్ ఒక్కసారే వదిలేస్తాడు. బండి ఎగిరిపడి ఆగిపోతుంది. వాడి ముఖం చిన్నబోతుంది.

"ఏటైపోనాదిరా నాయనా? న్యూట్రల్ చేసి మళ్లీ స్టార్ట్ చెయ్యి" అంటాడు తండ్రి.

ఇప్పుడు ఆ తండ్రి కాళ్ల వైపు చూడు. గట్టు దగ్గర పడేసరికి ఆయన కుడికాలు నేలను గట్టిగా అదుముతుంది. అక్కడ బ్రేకు లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా కాలు ఊరుకోదు.

నేస్తమా, రాత్రి నిద్ర పట్టక నువ్వు చేసిన పని కూడా అదే కదూ?

కూతురు ఎక్కిన బస్సు ఆలస్యమైతే గుమ్మంలోనే నిలబడ్డావు. కొడుకు రాసిన పరీక్షకు నువ్వు జాగారం చేశావు. వేరావల్‌లో చేపల బోటు ఎక్కిన తమ్ముడి కోసం, కట్టాల్సిన వడ్డీ కోసం, అమ్మ బీపీ మందుల కోసం తెల్లవారేదాకా లెక్కలు వేశావు. ప్రేమ ఉంది కాబట్టే ఆ దిగులు. కానీ నీ కాలి కింద లేని బ్రేకును ఎంత తొక్కినా బండి ఆగదు, నీ కాలే నొప్పెడుతుంది. ఈ ఉదయం నీకున్న అలసటలో ఎంత భాగం అలా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించావా?

ఉన్న బ్రేకు విషయంలో కూడా జాగ్రత్త కావాలి. లారీల ఊరుగా పేరుపడ్డ సాలూరు దాటాక, 26వ నంబరు జాతీయ రహదారి సుంకి ఘాటెక్కి కోరాపుట్ వైపు వెళుతుంది. ఘాట్‌లో ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు కొత్తవాళ్లకు చెబుతారు. చిన్న గేరులో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. దిగే దారి పొడుగునా బ్రేకు మీదే కాలు ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. నిజంగా అవసరమైన మలుపులో పని చేయవు. రోజంతా దిగులుపడే మనసు కూడా అలాగే అరిగిపోతుంది. తీరా బిడ్డకు మన ఓర్పు కావలసిన గంటలో అరుపే బయటికొస్తుంది.

లెర్నర్ లైసెన్స్‌తో రోడ్డెక్కేవారికి 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఒక షరతు ఉంది. బండికి ముందూ వెనుకా తెల్లని పలక మీద ఎర్రని ఎల్ అక్షరం ఉండాలి. పక్కన లైసెన్స్ ఉన్న మనిషి కూర్చోవాలి. ఊరికే కూర్చుంటే చాలదు, అవసరమైతే బండిని అదుపు చేయగలిగేలా, ఆపగలిగేలా కూర్చోవాలి. నేర్చుకునేవాణ్ణి ఒంటరిగా వదలకూడదని మనుషులు రాసుకున్న చట్టమే చెబుతోంది. మరి నిన్ను కన్న దేవుడు నిన్ను ఒంటరిగా వదిలేస్తాడా?

క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దంలో, తనను విడిచిపోయిన ప్రజల గురించి దేవుని మనసు ఎలా ఉందో హోషేయ ప్రవక్త చెప్పాడు. 11వ అధ్యాయంలో దేవుడు న్యాయాధిపతిలా మొదలుపెట్టడు, బిడ్డ పసితనాన్ని తలచుకునే తండ్రిలా మొదలుపెడతాడు. ఎఫ్రాయిముకు, అంటే ఆ ప్రజలకు, చెయ్యి పట్టి నడక నేర్పింది తానేనని గుర్తు చేసుకుంటాడు. తమను బాగుచేసింది ఎవరో ఆ బిడ్డలకు తెలియలేదు. తెలియకపోయినా ఆయన చెయ్యి వదలలేదు.

ఇన్నాళ్లూ నువ్వు నీ బిడ్డ పక్క సీటులో కూర్చున్నానని అనుకున్నావు. ఆ మాట నిజమే. అయితే బిడ్డను పెంచడంలో, కష్టాన్ని మోయడంలో, ఈ వయసులో నువ్వూ నేర్చుకుంటున్నదానివే, నేర్చుకుంటున్నవాడివే. నీ పక్కనా ఒకరున్నారు. ఆయన చెయ్యి నిజమైన బ్రేకు మీదే ఉంది. ఆయన కంగారుపడడు. నీ చేతిలోంచి స్టీరింగ్ లాక్కోడు. నువ్వు పదిమందిలో తడబడ్డా నిన్ను చూసి సిగ్గుపడడు. దారిలో కుదుపులే ఉండవని ఆయన మాట ఇవ్వలేదు. ప్రతి కుదుపులోనూ తోడుంటాడు.

నిన్న ఆగిపోయావా? మాట జారిందా? అనుకున్న పని చెడిందా? గేరులో ఉండగానే తాళం తిప్పితే బండి ముందుకు దూకుతుంది. అందుకే ముందు న్యూట్రల్‌కు రావాలి. నువ్వు కూడా తొందరపడి మరో పనిలోకి దూకకు. ఒక నిమిషం ఆయన ముందు ఊరికే కూర్చో. జరిగింది జరిగినట్టు చెప్పుకో. ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టు. ఆగిపోయిన ప్రతిసారీ కుర్రాడి కాలికి హాఫ్ క్లచ్ ఇంకాస్త తెలుస్తుంది. నీ తడబాటునూ దేవుడు వృథా పోనివ్వడు.

ప్రార్థన: తండ్రీ, నా చేతిలో లేనివాటి కోసం నేను చాలా అలసిపోయాను. నా బిడ్డల దారి నీకు తెలుసు, నా దారీ నీకు తెలుసు. నేను తడబడినప్పుడు నువ్వు నాతో ఎంత మెల్లగా మాట్లాడతావో, వాళ్లు తడబడినప్పుడు నేనూ అంత మెల్లగా మాట్లాడేలా సాయం చెయ్యి. యేసు నామంలో అడుగుతున్నాను, ఆమెన్.

ఈ రోజు తీర్మానం: నిన్ను ఎక్కువగా పీడిస్తున్న దిగులు ఒక్కటి తీసుకో. అందులో ఈరోజు నువ్వు చేయగలిగిన పని ఏదైనా ఉంటే సాయంత్రంలోగా చేసెయ్యి. మిగిలినది పేరు పెట్టి దేవునికి అప్పగించు. ఇంట్లో ఎవరైనా తప్పు చేస్తే గొంతు పెంచకు, పక్కన కూర్చుని "మళ్లీ చెయ్యి, నేనున్నాను" అని చెప్పు.