ముందు అడుగువాడు దాత కాడు



కల్యాణపట్టణమున నేల రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చుట ఆయదక్కి మారయ్యగారి కాయకము. ఒకనాడు ఆయన అవసరమునకు మించి తేగా, ధర్మపత్ని లక్కమ్మ ఆ అధికమును తిరిగి పోసి రమ్మనెను. ఆశతో తెచ్చినది శివార్పితము కాదని ఆ తల్లి భావము.

నేడు ఆ ఆశ ఫోను ద్వారా ఇంట జొరబడుచున్నది. 2020 జూలై 15న ఒబామా, బిల్ గేట్స్, ఎలాన్ మస్క్ మొదలగువారి ట్విట్టర్ ఖాతాలను దొంగలు వశపరచుకొని, బిట్‌కాయిన్ పంపినవారికి రెట్టింపు చేసి ఇత్తుమని ప్రకటించిరి. కొన్ని గంటలలోనే లక్ష డాలర్లకు పైగా వారి పాలయ్యెను. ఖాతా నిజమైనదే, మాట మాత్రము దొంగది. ఒకసారి పంపిన బిట్‌కాయిన్‌ను వెనుకకు రప్పించు బ్యాంకు ఏదియు లేదు.

దాసోహము చేయువాడు తానే ముందు ఇచ్చును, ప్రతిఫలము కోరడు. "ముందు నీవు పంపుము" అనువాడు దాత యెట్లగును? ఈ ఒక్క ప్రశ్న వేసికొన్న చాలును. పెద్దపేరు చూచి నమ్మరాదు. "ఈ గంటలోనే" అని తొందరపెట్టువాని మాట వినరాదు. ఓ.టి.పి., రహస్యపదములు ఎవరికిని తెలుపరాదు.

మన పల్నాట మిరప, ప్రత్తి అమ్మిన సొమ్ము ఒక యేటి చెమట. అది కాయకఫలము, జూదమునకు పందెము కాదు.

ఎవరైన మోసపోయినచో సిగ్గుపడి దాచరాదు. వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేజారును. అట్టివానిని ఇంటివారు నిందించుట శరణధర్మము కాదు. ప్రక్కన కూర్చుండి ఆ ఫోను చేయించుటయే ధర్మము.